ఆగస్టు నాగెల్

మడత కెమెరాల నిర్మాణమున పేరుగాంచిన ఆగస్టు నాగెల్ 1882లో జర్మనీ దేశమందు, ట్యూబింగెన్ నగర సమీపమున ఫ్రొండార్ఫు గ్రామమున జన్మించెను. 1908లో ఒక భాగస్వామితో కూడి స్టుట్‌గార్టు నగరమున కెమెరాల కర్మాగారమును స్థాపించెను. అదియే పిదప కాంటెస్సా అను పేర ప్రసిద్ధికెక్కినది. 1918లో ఫ్రైబర్గు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను.

ఆ కాలపు కెమెరాలలో పెక్కు బరువైన పెట్టెలు. గాజు పలకలపై చిత్రము పట్టవలసియుండెను. మడత కెమెరా సొగసు వేరు. మూత తెరచినచో కటకము తోలు తిత్తితో ముందునకు సాగును. పని ముగిసిన పిదప మడచి జేబులో నుంచుకొనవచ్చును. లోపల ఫిల్ము చుట్ట యుండును. వెనుకనున్న చిన్న ఎఱ్ఱని కిటికీలో అంకెను చూచుచు దానిని త్రిప్పవలెను.

1926లో కాంటెస్సాతో సహా నాలుగు సంస్థలు ఏకమై జైస్ ఐకాన్ ఏర్పడెను. నాగెల్ అందు సుఖముగా నుండవచ్చును. ఉండలేదు! 1928లో, నడివయస్సున, బయటికి వచ్చి స్వంత కర్మాగారమును మరల కట్టెను. వొల్లెండా అను చక్కని మడత కెమెరా అచ్చటిదే. అంతలో ప్రపంచమంతట ఆర్థిక మాంద్యము వ్యాపించెను. 1932 నాటికి ఆ కర్మాగారము అమెరికాలోని కోడక్ సంస్థ వశమయ్యెను.

యాజమాన్యము పోయినది గాని పని నిలువలేదు. 1934లో రెటీనా అను చిన్న మడత కెమెరా వెలువడెను. దానితో వచ్చిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము డబ్బీని పగటి వెలుతురులోనే కెమెరాలో అమర్చవచ్చును. అది లైకా కెమెరాకు సైతము సరిపోవునట్లు చేయబడినది. కెమెరా కంటె ఈ చిన్న డబ్బీయే గొప్పదని నా తలంపు. నేటికిని అట్టి డబ్బీలు అమ్ముడుపోవుచున్నవి.

1943లో, యుద్ధము సాగుచుండగనే, నాగెల్ మరణించెను. యుద్ధానంతరము ఆ కర్మాగారమున రెటీనాల తయారీ మరల మొదలయ్యెను.