తెలుగు నేలకు దూరాన తెలుగు కలం: భండారు అచ్చమాంబ

తెలుగులో స్త్రీల పత్రికల ప్రస్తావన వచ్చినప్పుడు ‘హిందూసుందరి’ పేరు తప్పక వినవస్తుంది. 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు ఏలూరు నుండి దీనిని ప్రారంభించారు. అంతకు పూర్వం 1883లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘సతీహితబోధిని’ని వెలువరించారు. అయితే ఆనాడు బోధించేవారు పురుషులు, వినేవారు స్త్రీలు. హిందూసుందరితో ఆ వరుస మారింది. మొసలికంటి రమాబాయమ్మ, వెంపటి శాంతాబాయమ్మ గార్లు సంపాదకత్వం వహించారు. స్త్రీలే వ్రాసి, స్త్రీలే చదివి, స్త్రీలే చర్చించుకొనే వేదిక ఏర్పడింది. ఆ వేదికపై అందరికంటే ముందు నిలిచిన రచయిత్రి భండారు అచ్చమాంబ. ఆమె ఆంధ్రదేశంలో స్థిరపడిన వ్యక్తి కాకపోవడం మనవంటి సరిహద్దు జిల్లాల తెలుగువారు గమనించదగిన విశేషం.

అచ్చమాంబ 1874లో కృష్ణాజిల్లా నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో కొమర్రాజు వెంకటప్పయ్య, గంగమ్మ దంపతులకు జన్మించారు. ఆరేళ్ళ ప్రాయంలోనే తండ్రి గతించారు. అప్పటి ఆచారం ప్రకారం చిన్నతనంలోనే భండారు మాధవరావు గారితో వివాహమైంది. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు. ఆ విధంగా ఆమె కాపురం మరాఠీ, హిందీ మాటలాడే నాగపూరు, బిలాస్‌పూరు ప్రాంతాలకు చేరింది.

ఆమె బడి ముఖం చూడలేదు. తమ్ముడు లక్ష్మణరావు అక్కగారింట ఉండి చదువుకొంటున్న రోజులలో, అతడి ప్రక్కన కూర్చొని ఆమె అక్షరాలు దిద్దుకొన్నారు. తరువాతి కాలంలో విజ్ఞానచంద్రికా మండలి ద్వారా, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ద్వారా కీర్తి గడించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆయనే. తెలుగు, హిందీలతో మొదలైన ఆమె చదువు మరాఠీ మొదలైన భాషలకు విస్తరించింది. చుట్టూ పరభాష ఉన్నది కదా అని ఆమె తల్లిభాషను విడువలేదు. తల్లిభాష ఉన్నది కదా అని ఇరుగుపొరుగు భాషలను దూరం పెట్టలేదు.

కన్నబిడ్డలిద్దరూ పసితనంలోనే కన్నుమూశారు. ఆ దుఃఖాన్ని దిగమింగి ఆమె అనాథ పిల్లలను చేరదీసి పెంచారు, చదువు చెప్పించారు.

స్త్రీలు అబలలనీ, తెలివి తక్కువవారనీ, చదివిస్తే చెడిపోతారనీ ఆనాడు గట్టిగా వాదించేవారు ఉండేవారు. అచ్చమాంబ వారికి చరిత్రతో సమాధానం చెప్పదలచారు. భారతదేశ చరిత్రలోని స్త్రీలు, వేద పురాణాలలోని స్త్రీలు, విదేశీయ స్త్రీలు అని మూడు భాగాలుగా ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ను సంకల్పించారు. మొదటి భాగం 1901లో గ్రంథరూపం దాల్చింది. గ్రంథాలయాలు అందుబాటులో లేని కాలంలో, పలు భాషల గ్రంథాలు వెదకి ఒక గృహిణి ఇంతటి పని తలపెట్టడం సామాన్యం కాదు.

మరుసటి సంవత్సరమే హిందూసుందరి ఆరంభమైంది. 1902లో అందులో వెలువడిన ‘స్త్రీవిద్య’లో ఒక భర్త తన భార్యను చదువు నేర్చుకొమ్మని ఒప్పిస్తాడు. అక్షరం ఎందుకని అడిగే ఇల్లాలి సందేహాలను రచయిత్రి ఎగతాళి చేయలేదు. ఒక్కొక్కదానికీ ఓర్పుతో జవాబు చెప్పించారు. ఆ సంవత్సరమే ‘ధనత్రయోదశి’ వచ్చింది. అది బొంబాయిలో కాపురముండే పేద తెలుగు దంపతుల కథ. పండుగనాడు లేమికి లొంగి తప్పుదారి పట్టబోయిన భర్తను భార్య నిలువరిస్తుంది. ఇందులో బుద్ధి చెప్పేది భార్య, వినేది భర్త అని గమనించాలి. తెలుగు కథ ఆంధ్రదేశం వెలుపలి నగరంలో, పొట్టకూటికై వలసపోయిన వారి ఇంట తొలి అడుగులు వేసింది.

అచ్చమాంబ వ్రాతతో సరిపెట్టుకోలేదు. 1902లోనే ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజాన్ని స్థాపించారు. పలు పట్టణాలలో పర్యటించి, ఉపన్యాసాలిచ్చి, స్త్రీసమాజాలు నెలకొనేందుకు తోడ్పడ్డారు. స్త్రీలు గడప దాటి సభకు రావడమే సాహసమైన రోజులవి. సమాజాలలో కలుసుకొన్నవారిని పత్రిక కలిపి ఉంచింది. పత్రిక చదివినవారు సమాజాలకు వచ్చారు.

1905 జనవరి 18న బిలాస్‌పూరులో ఆమె మరణించారు. అప్పటికి ఆమెకు ముప్పయి, ముప్పయ్యొక్క ఏళ్ళు మాత్రమే. మూడు భాగాల సంకల్పం పూర్తి కాలేదు.

ఆ తరువాత సాహిత్య చరిత్ర ఆమెను చాలాకాలం మరచింది. 1910లో వచ్చిన గురజాడవారి ‘దిద్దుబాటు’ మొదటి తెలుగు కథగా పాఠ్యపుస్తకాలకెక్కింది. 1991లో సూసీ తారు, కె. లలిత గార్ల సంపాదకత్వంలో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం అచ్చమాంబకు చోటిచ్చింది. పాత సంచికలను వెదకిన పరిశోధకులు దిద్దుబాటుకు ఎనిమిదేళ్ళ ముందే ధనత్రయోదశి ఉన్నదని చూపారు. ఏది మొదటిదన్న చర్చ ఇంకా సాగవచ్చు. కాని ఒక పత్రిక పుటలు భద్రపరచకపోతే ఎంతటి కృషి మరుగున పడుతుందో ఈ ఉదంతం తెలుపుతున్నది.

హిందూసుందరి వేసిన బాటలోనే కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారి ‘సావిత్రి’, మద్రాసులో కేసరి గారి ‘గృహలక్ష్మి’ వెలువడ్డాయి. 1993లో హైదరాబాదులో మొదలైన ‘భూమిక’ వరకు ఆ పరంపరను గుర్తించవచ్చు.

ఇంట తెలుగు, బడిలో మరొక భాష గల పిల్లలు మన ప్రాంతాలలో ఎందరో ఉన్నారు. రెండు భాషల నడుమ తెలుగు నిలువదన్న నిరాశ పెద్దలలో తరచు వినిపిస్తుంది. బడికి వెళ్ళని ఒక బాలిక, మరాఠీ హిందీల నడుమ తెలుగు నేర్చి, తెలుగు కథకు ఆద్యులలో ఒకరైంది. అచ్చమాంబ జీవితాన్ని మన ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా చెప్పవలసిన బాధ్యత మనది.