గేటే కవియు, దవుడయెముకయు

జింకపుర్రెను కొన్నాళ్లు నీటిలో నానవేసి, మాంసము వీడిన పిమ్మట కడిగి ఆరబెట్టినయెడల, మొదట మన చూపు కొమ్ములమీదనే నిలుచును. కాని పైదవుడ కొనను చూచినచో ఒక వింత కనబడును. క్రిందివరుసయందు ముందరిపండ్లు కలవు, పైవరుసయందు లేవు. పండ్లు లేకున్నను, వానిని మోయవలసిన చిన్నయెముక మాత్రము ఇరుప్రక్కల అతుకుగీతతో వేరుగా నున్నది. ఈ చిన్నయెముకకై జర్మనుకవి గేటే పడిన పాటును మా విద్యార్థులకు తెలుపుచున్నాము.

యోహాన్ వోల్ఫ్‌గాంగ్ గేటే 1749 సం॥ ఆగష్టు 28వ తేదీని ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించెను. లైప్సిగు, స్ట్రాస్‌బర్గు పట్టణములలో న్యాయశాస్త్రము చదివెను. ఇరువదియైదవ యేటనే ఒక నవలచే యూరపుఖండమంతట పేరుపొందెను. 1775లో వైమారు ప్రభువు పిలువగా అచ్చటికేగి, గనులను బాటలను విచారించు మంత్రియయ్యెను. కాళిదాసుని శాకుంతలమును 1791లో జర్మనుభాషయందు చదివి మెచ్చినవాడును ఇతడే.

ఆ కాలమున హాలెండు దేశపు కాంపరు, జర్మనీదేశపు బ్లూమెన్‌బాకు మొదలగు పండితులు, ఈ యెముక కోతులకు కలదనియు, మనుష్యునకు లేదనియు, ఇదియే వారి భేదమనియు చెప్పుచుండిరి. గేటేకు సందేహము కలిగెను. పైపండ్లు లేని జింకకు, ఆవునకు ఈ యెముక యుండగా, పండ్లున్న మనుష్యునకు ఏల లేకుండును? యేనా నగరమున లోడరు అను శాస్త్రజ్ఞునితో కూడి పుర్రెలను పోల్చి చూడసాగెను. 1784 సం॥ మార్చి 27వ తేదీని మనుష్యుని పుర్రెయందు ఆ యెముక జాడను కనుగొని, ఆ రాత్రియే మిత్రుడగు హెర్డరునకు సంతోషముతో జాబు వ్రాసెను. శిశువుల అంగిలియందు అతుకు తేటగా కనబడును. వయసు ముదిరినకొలది మాసిపోవును. పండితులు చూడలేకపోవుటకు కారణమిదియే. మరికొంత ఋజువుకొరకు ఏనుగుపుర్రెను తెప్పించుకొని, జనులు పిచ్చివాడందురని లోపలిగదిలో దాచెనట!

వ్రాసినదానిని కాంపరునకు పంపగా, ఆయన పటములను మెచ్చెను. సముద్రపుగుఱ్ఱమని కొందరు పిలుచు వాల్రసు జంతువునకు ఆ యెముక కలదని ఒప్పెను. మనుష్యునకు కలదని మాత్రము ఒప్పడాయెను. ఫ్రెంచి వైద్యుడు వీక్‌దజీరు 1780లోనే వేరుగా దీనిని చూచియుండెను. గేటే వ్రాత 1820లో గాని అచ్చుపడలేదు. ముప్పదియారేండ్లు ఓర్చుకొనెను.

ఇంతటివాడును పొరబడెను. 1790లో వెనిసు పట్టణమున విరిగిన గొఱ్ఱెపుర్రెను చూచి, పుర్రెయంతయు మార్పుచెందిన వెన్నుపూసల సమూహమని తలచెను. 1806లో ఓకెన్ అనునతడు హార్ట్స్ అడవిలో ఎండకు తెల్లబడిన జింకపుర్రెను చూచి, అట్లే తలచి, మరుసటియేట ప్రకటించెను. ముందు ఎవరు కనుగొనిరను వాదము వారి నడుమ కినుక పెంచెను. తుదకు 1858లో హక్స్‌లీ, పిండదశయందు పుర్రె పెరుగు రీతిని పరీక్షించి, ఇరువురి మతమును కాదనెను. గేటే అప్పటికి లేడు. 1832 సం॥ మార్చి 22వ తేదీననే వైమారులో మరణించెను.

కన్నులు అవియే, మొదటిమారు సందేహించి పలుపుర్రెలను వెదకెను, రెండవమారు తనకు తోచిన యూహనే సత్యమని నమ్మెను. తరగతిలో ఎముక నిచ్చి పటము గీయుమన్నప్పుడు, బాలురు చేతిలోని యెముకను విడిచి పుస్తకములోని బొమ్మను చూచి గీయుట పలుమారులు కనిపెట్టితిమి. పెద్దల మాటనైనను, తమ మాటనైనను, చేతిలోని యెముకతో సరిచూచుకొనుట వారికి అలవడవలెనని మా కోరిక.