కళింగ యుద్ధం తర్వాత అశోకుడు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. గాంధీ గారిని గురించీ, కాటన్ దొర గారిని గురించీ మన పత్రికలలో చాలామంది పెద్దలు వ్రాసి ఉన్నారు గనుక నేను అశోక చక్రవర్తిని ఎంచుకున్నాను. చెట్లు నాటించాడు, బావులు త్రవ్వించాడు అని చిన్నతనంలో వాచకంలో చదువుకున్నదే గదా అని మిత్రులు అనుకోవచ్చు. ఆ చెట్ల వెనుక, ఆ బావుల వెనుక ఉన్న బాధ ఏమిటో నాకు డెబ్బై దాటిన తర్వాతే తెలిసివచ్చింది.

ఉద్యోగానికి విరమణ ఉంది గాని మనసుకు లేదు. నెలవారీ సమావేశాలలో టీ త్రాగుతూ కూర్చున్నప్పుడు ఒక్కొక్కరి నోటి నుండి ఒక్కొక్క సంగతి బయటకు వస్తుంది. తాను అన్న మాటకు ఇల్లు విడిచి వెళ్ళిన కొడుకు ఒకరికి, వేళకు ఆసుపత్రికి చేర్చలేకపోయిన భార్య మరొకరికి గుర్తుకు వస్తారు. పైకి అందరూ నవ్వుతూనే ఉంటారు. రాత్రి నిద్ర పట్టనప్పుడే ఆ బరువు తెలుస్తుంది. ఇటువంటి బరువును మోసి, దాచకుండా లోకానికి చెప్పుకొన్నవాడు అశోకుడు.

ఆయన చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పాటలీపుత్రంలో పట్టాభిషిక్తుడైనాడు. అన్నదమ్ములను చంపి సింహాసనం ఎక్కాడని సింహళ గ్రంథాలలో కథ ఉన్నది. ఆ కథను నేను ఇక్కడ పక్కన పెడుతున్నాను. ఆయన తానుగా రాళ్ళమీద చెక్కించినది రిజిస్టరు చేసిన దస్తావేజు వంటిది. అది మనకు చాలు.

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు, అనగా సుమారు క్రీ.పూ. 261లో, ఆయన కళింగ దేశంపై దండెత్తి గెలిచాడు. ఆ యుద్ధంలో లక్షమంది చనిపోయారు. లక్షా 50 వేలమందిని చెరపట్టి తరలించుకుపోయారు. అంతకు ఎన్నో రెట్లమంది ఇతర విధాల మరణించారు. ఈ లెక్కలు శత్రువులు వ్రాసినవి కావు. గెలిచిన రాజు తన 13వ శిలాశాసనంలో తానే చెక్కించినవి. అంతటితో ఆగక, తాము క్షేమంగా ఉండి కూడా ఆప్తులకు కలిగిన కష్టంతో కుమిలిపోయినవారి దుఃఖాన్ని సైతం తన ఖాతాలోనే వ్రాసుకున్నాడు. జీవితమంతా కాగితాల మధ్య గడిపిన మనకు ఇందులోని విశేషం వెంటనే తెలుస్తుంది. తప్పు జరిగిన ఫైలులో సాధారణంగా అంకె తగ్గుతుంది, బాధ్యుని పేరు కనబడకుండా పోతుంది. ఇక్కడ అంకె ఉన్నది, పేరూ ఉన్నది, పశ్చాత్తాపమూ ఉన్నది.

ఈ శాసనం చూడటానికి ఉత్తరాదికి పోనక్కరలేదు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద 14 ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించారు. ఆంధ్రుల పేరు కూడా ఈ 13వ శాసనంలోనే వస్తుంది.

అయితే ఒకచోట మాత్రం ఈ పశ్చాత్తాప శాసనం లేదు. అది కళింగంలోనే. ఒడిశాలోని ధౌళిలోనూ, జౌగడలోనూ 11, 12, 13 శాసనాలను వదిలి, వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల ఎదుట ఆ లెక్కలు మళ్ళీ చదివించడం ఇష్టం లేకనే అలా చేశాడని నా అభిప్రాయం. ఆ ప్రత్యేక శాసనాలు ప్రజలకు కాదు, అధికారులకు వ్రాసినవి. ప్రజలందరూ తన బిడ్డలేనన్నాడు. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టరాదన్నాడు. అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, సోమరితనం ఉన్న ఉద్యోగి న్యాయం చేయలేడని హెచ్చరించాడు. ఇది సరిగా జరుగుతున్నదో లేదో చూడటానికి ఐదేళ్ళకొకసారి సౌమ్యుడైన అధికారిని తనిఖీకి పంపుతానని కూడా తెలియజేశాడు. కళింగులకు ఆయన చెప్పుకొన్న క్షమాపణ ఇదేనని నాకు తోస్తుంది.

ఇక ఆయన విశ్వాసం మాట. యుద్ధభూమిలో నిలబడి ఒక్క క్షణంలో మారిపోయినట్లు సినిమాలలో చూపిస్తారు. ఆయన చెప్పుకొన్నది వేరు. ఉపాసకుడనై రెండున్నరేళ్ళు దాటిందనీ, మొదటి ఏడాది గట్టి ప్రయత్నమేమీ చేయలేదనీ, భిక్షు సంఘాన్ని చేరి ఏడాదికి పైగా గడిచిన తర్వాతే పట్టుదల కలిగిందనీ చిన్న శిలాశాసనంలో ఒప్పుకున్నాడు. అదీ ఎర్రగుడిలో ఉన్నది. అంత చక్రవర్తికే మనసు కుదుటపడటానికి ఏళ్ళు పట్టిందంటే, నాలుగు రోజులు గుడికో చర్చికో మసీదుకో వెళ్ళి శాంతి దొరకలేదని మనం నిరాశ పడనక్కరలేదు.

పట్టాభిషేకమైన పదేళ్ళకు ఆయన బోధగయకు వెళ్ళాడు. అప్పటినుండి వేట యాత్రలు పోయి ధర్మయాత్రలు వచ్చాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసి, దొరకని ఓషధులను తెప్పించి నాటించాడు. రాజుగారి వంటశాలలో రోజూ వేలకొద్దీ తెగే జీవాలు రెండు నెమళ్ళకూ ఒక జింకకూ తగ్గాయి. ఆ మూడూ ఇంకా మిగిలే ఉన్నాయని దాచకుండా వ్రాయించాడు. 26 ఏళ్ళ పాలన తర్వాత వేయించిన స్తంభశాసనంలో కొన్ని రకాల పక్షులనూ, తాబేళ్ళనూ చంపరాదన్నాడు. కొన్ని తిథులలో చేపలు పట్టరాదు, అమ్మరాదు అన్నాడు. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనవారికి ఈ శాసనం ప్రత్యేకంగా చెప్పదగినది.

ఇంత చేసినా పాత ఖాతా మూసివేయబడలేదు. కళింగాన్ని ఆయన తిరిగి ఇవ్వలేదు. చెరపట్టినవారిని ఇళ్ళకు పంపినట్లు ఏ శాసనంలోనూ లేదు. చనిపోయినవారు రారు. క్రీ.పూ. 232 ప్రాంతంలో కన్నుమూసేవరకు ఆ లెక్క ఆయన పేరుమీదనే ఉన్నది. ధర్మం ఆయనకు మరపును ఇవ్వలేదు. నిజం ఒప్పుకునే ధైర్యాన్నీ, మరునాడు లేచి ఒకరికి ఉపకారం చేసే శక్తినీ ఇచ్చింది. మన వయసులో మనం కోరుకోదగిన స్వస్థత కూడా ఇదే. దూరమైన కొడుకుకు ఒక ఉత్తరం వ్రాయవచ్చు. పోయినవారి పేరున ఒక పేద పిల్లవాడి ఫీజు కట్టవచ్చు.

ఏలూరు, తాడేపల్లిగూడెం సభ్యులకు ఒక మనవి. కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం చేరువలో ఉన్న గుంటుపల్లి బౌద్ధ గుహలను మనుమలతో కలిసి ఒకసారి చూడండి. అక్కడి గుండ్రని గుహలోని స్తూపాన్ని మన పల్లెవారు ధర్మలింగేశ్వరుడని కొలిచారు. అశోకుని తర్వాత కొన్ని తరాలకు, కళింగాధిపతినని బిరుదు వహించిన మహామేఘవాహన వంశపు సద మహారాజు వద్ద చుళగోముడనే లేఖకుడు ఉండేవాడు. ఆయన అక్కడ ఒక మండపం కట్టించి దానమిచ్చి, ఆ సంగతి స్తంభం మీద చెక్కించాడు. లేఖకుడంటే మనబోటి గుమాస్తాయే. ఒకనాడు నెత్తుటితో తడిసిన కళింగం పేరు మన జిల్లా కొండమీద ఒక గుమాస్తా చేసిన దానం పక్కన నిలిచి ఉన్నది.