ముఖ్యమంత్రి కుర్చీ నుంచి సమితి కుర్చీ దాకా: దామోదరం సంజీవయ్య

వడ్డాది, చోడవరం వైపు వెళ్లినా, కర్నూలు పల్లెలకు వెళ్లినా పెద్ద వయసు వాళ్ల మాటల్లో సమితి అనే మాట ఇంకా బతికే ఉంటుంది. సమితి ప్రెసిడెంటు, సమితి బడి, సమితి రోడ్డు. 1959లో పుట్టి 1986లో రద్దయిన పంచాయతీ సమితి ఇరవై ఏడేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్ పల్లెల మీద పెత్తనం ఎవరిదో తేల్చిన సంస్థ. అది కొత్తగా నిలదొక్కుకుంటున్న తొలి రోజుల్లో రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఒక దళితుడు. ఆయన దామోదరం సంజీవయ్య. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. ఆయన జీవితాన్ని, ఆ సమితుల చరిత్రను పక్కపక్కన పెట్టి చదివితే, పైన ఒక్క కుర్చీ దక్కితే కింద ఏం మారుతుంది, ఏం మారదు అన్నది తెలుస్తుంది.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడులో ఒక పేద మాల కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. కూలి చేసుకుంటే తప్ప పొయ్యి వెలగని ఇల్లు. చిన్నతనంలో పశువులు కాశారు. ఆయన పుట్టే నాటికి పల్లెలను ఏలుతున్నవి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు. 1920 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం కింద నడిచిన ఆ బోర్డుల్లో జమీందార్లు, భూస్వాములు, ప్లీడర్లదే మాట. అంటరాని కులాల వారికి దక్కింది నామినేషన్ మీద ఇచ్చే ఒకటీ అరా సీటు. ప్రజల పన్నులతో తవ్విన బావి దగ్గరికి, వేసిన రోడ్డు మీదికి దళితులు రావచ్చని చెప్పించుకోవడానికి కూడా 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టవలసి వచ్చింది. అప్పటికి సంజీవయ్య వయసు మూడేళ్లు.

అలాంటి కాలంలో ఆ పిల్లవాడు కర్నూలు మున్సిపల్ బడిలో చదివి, అనంతపురం దత్తమండల కళాశాలలో బి.ఏ. పూర్తి చేశాడు. దొరికిన చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ మద్రాసులో లా చదివి 1948లో పట్టా అందుకున్నాడు. 1950లో తాత్కాలిక పార్లమెంటుకు సభ్యుడయ్యారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం మంత్రివర్గంలోనూ, ఆ తర్వాతి ప్రభుత్వాల్లోనూ మంత్రిగా పనిచేశారు.

ఈలోగా ఢిల్లీలో పల్లె గురించి పెద్ద చర్చ సాగింది. గ్రామమే భారతదేశపు ఆత్మ అని గాంధేయులు వాదించారు. ఆ మాటను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. 1932లోనే బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు ఆయన అభ్యంతరం చెప్పారు. కులం ఏలే ఊరికి అధికారం అప్పగిస్తే అది కులానికే అప్పగించినట్లని ఆయన వాదన. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనూ గ్రామ వ్యవస్థను గట్టిగా విమర్శించారు. అయినా పంచాయతీలను ప్రోత్సహించాలన్న 40వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో చేరింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ మూడంచెల వ్యవస్థను సిఫారసు చేసింది. రాజస్థాన్ వెంటనే 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ దాన్ని అమలులోకి తెచ్చింది. జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి. బ్లాకు స్థాయిలో పంచాయతీ సమితులు వచ్చాయి.

సమితి చేతిలో చాలా ఉండేది. ప్రాథమిక పాఠశాలలు, టీచర్ల బదిలీలు, రోడ్లు, తాగునీటి బావులు, వ్యవసాయ రుణాలు. కానీ అందులో ఎవరు కూర్చుంటారు? ఊరి సర్పంచులు సమితి సభ్యులు. ఆ సభ్యులు ప్రెసిడెంటును ఎన్నుకుంటారు. సమితి ప్రెసిడెంట్లు జిల్లా పరిషత్తులో కూర్చుంటారు. ఊళ్లో భూమి ఎవరిదో సర్పంచు పదవి వారిది. సర్పంచులు ఎవరి మనుషులో ప్రెసిడెంటు వారి మనిషి. ఎస్సీలకు, ఎస్టీలకు, మహిళలకు మిగిలింది కో-ఆప్షన్. అంటే ఎన్నికైన పెద్దలు పిలిచి వేసిన కుర్చీ. ప్రెసిడెంటు పదవికి రిజర్వేషన్ లేదు. పాత తాలూకా బోర్డు నామినేషనే కొత్త పేరుతో తిరిగి వచ్చింది.

సరిగ్గా ఈ సమయంలో, 1960 జనవరి 11న, సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. వయసు 38. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లడంతో ఖాళీ అయిన కుర్చీ అది. పెత్తందారీ కులాల ముఠాల మధ్య అధిష్ఠానం ఆయన్ను ఎంచుకుంది. సొంత ముఠా లేదు, భూమి లేదు, డబ్బు లేదు. ఆ రెండేళ్లలో వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టారు. బంజరు భూములను భూమిలేని పేదలకు పంచే పని చేపట్టారు. అవినీతి మీద విచారణకు 1961లో ఏసీబీని ఏర్పాటు చేశారు. అధికారంలో ఉండి కూడా ఆస్తి కూడబెట్టుకోని మనిషిగా పేరు తెచ్చుకున్నారు.

ఆయన హయాంలోనే 1961 భూపరిమితి చట్టం వచ్చింది. అయితే ఆ చట్టం వదిలిన పరిమితి, భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. భూస్వామిని ముట్టుకోని భూసంస్కరణ అది. శాసనసభలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరో గుర్తు చేసుకుంటే కారణం వెతకనక్కరలేదు. ముఖ్యమంత్రి దళితుడే. చట్టం చేసే చేతులు, ఊళ్లో దాన్ని అమలు చేసే చేతులు వేరే వాళ్లవి. పింఛను ముఖ్యమంత్రి సంతకంతో వచ్చింది. భూమి రావాలంటే ఊరు, సమితి, సభ మూడూ కదలాలి.

1962 ఎన్నికల తర్వాత మార్చిలో సంజీవరెడ్డి తిరిగి వచ్చి ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్య అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవికి తొలి దళితుడు కూడా ఆయనే. తర్వాత కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నారు. ఫ్యాక్టరీ కార్మికులకు బోనస్‌ను హక్కుగా మార్చిన 1965 బోనస్ చట్టం ఆయన కాలానిదే. 1972 మేలో, 51 ఏళ్లకే కన్నుమూశారు.

ఆయన పోయాక కూడా సమితులు నడిచాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర. శ్రీనివాసన్ తీర్మానానికి అప్పటికి అరవై ఏళ్లు దాటింది. ఆ మరుసటి ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వం సమితులను రద్దు చేసి మండల ప్రజా పరిషత్తులు తెచ్చింది. మూడు వందల పైచిలుకు సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు. వడ్డాది బుచ్చయ్యపేట మండలంలోకి వచ్చింది. అధ్యక్ష పదవుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, బీసీలకు 20 శాతం, మహిళలకు 9 శాతం కేటాయించారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి ఈ హక్కును దేశమంతటా రాజ్యాంగంలో నిలబెట్టింది. సంజీవయ్య ముఖ్యమంత్రి అయిన పాతికేళ్లకు గానీ మండల స్థాయిలో దళితుడికి ఒక కుర్చీ హక్కుగా రాలేదు. పెద్ద కుర్చీ ముందు వచ్చింది, చిన్న కుర్చీ చాలా ఆలస్యంగా వచ్చింది.

సంజీవయ్యను జయంతికి ఒకసారి, వర్ధంతికి ఒకసారి తలుచుకుని దండలు వేస్తే ఆయన గొప్పతనం మిగులుతుంది, పాఠం పోతుంది. ఆయన నిజాయితీలో లోపం లేదు. ఆయన కింద ఉన్న మెట్లన్నీ ఇతరుల చేతుల్లో ఉండటమే లోపం. ఈరోజు రిజర్వుడు స్థానంలో గెలిచిన దళిత సర్పంచ్ పక్కన చెక్కు బుక్కు ఎవరి దగ్గర ఉంది, గ్రామసభలో తీర్మానం ఎవరు రాస్తున్నారు, దళితవాడ బోరు ఎవరి మాట మీద పడుతోంది అని ప్రతి మండలంలో విద్యార్థులు, కార్యకర్తలు అడగాలి. ఆ లెక్క తీయడం మొదలుపెడితే సంజీవయ్య ఒంటరిగా కూర్చున్న చోటికి ఊరి నుంచి ఒక దారి పడుతుంది.