రైతుల మొరను సముద్రము దాటించిన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఒక మహనీయుని జీవితమును పాఠకుల ముందుంచవలెనని సంచిక సంపాదకులు కోరినప్పుడు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన ఉద్దానమున పుట్టినవారు కారు, చెన్నపట్టణపు వర్తకులు. అయినను సాయంకాలము పఠనమందిరమునకు వచ్చి వార్తాపత్రిక విప్పుకొని కూర్చుండు మనవంటివారు ఆయనకు కొంత ఋణపడియున్నాము. దక్షిణదేశమున పత్రికను ప్రజల మొర వినిపించు సాధనముగా వాడిన తొలి తెలుగువారిలో ఆయన ఒకరు. ఇచ్చటి దొరలు చెవిని బెట్టని రైతుల గోడును సముద్రములు దాటించి, పరదేశపు శాసనసభ వినునట్లు చేసినవా రాయన.

ఆయన జన్మించిన 1806వ సంవత్సరము నాటికి చెన్నరాజధాని అంతయు ఇంగ్లీషు తూర్పు ఇండియా కంపెనీ ఏలుబడిలో నుండెను. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో నున్న పలాస, టెక్కలి ప్రాంతములు నాడు గంజాం జిల్లాలోనివి. టెక్కలి, మందస, పర్లాకిమిడి మొదలగునవి జమీందారీలు. ఇచ్చట రైతు జమీందారునకు శిస్తు కట్టును. జమీందారు కంపెనీకి పేష్కషు చెల్లించును. రాజధానిలోని పెక్కు జిల్లాలలో నున్నది రైతువారీ పద్ధతి. అనగా రైతే నేరుగా సర్కారునకు శిస్తు కట్టవలెను. పండినను ఎండినను కిస్తు తప్పదు. ఆ శిస్తు వసూలుచేయు తాసీల్దారే ఆ తాలూకాకు పోలీసు అధికారి కూడ. ఎవరివలన బాధ కలిగినదో వారియొద్దనే మొర పెట్టుకొనవలసిన దుర్గతి ఆనాటి రైతుది.

లక్ష్మీనరసుగారి తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకులు. కుమారుడు సామాన్యమైన చదువు చదివి, చిన్నవయసుననే తండ్రి వ్యాపారమున ప్రవేశించి, నీలిమందుతోపాటు వస్త్రముల ఎగుమతిచేత విశేషధనమును గడించిరి. ధనము చేతికి వచ్చిన పిమ్మట మేడలు కట్టి సుఖముగా నుండవచ్చును. ఆయన అట్లు చేయలేదు. ఇంగ్లీషు పత్రికలలో దేశీయుల కష్టములకు చోటు లేదని గ్రహించి, ఒక చిన్న పత్రికను కొని, దానికి క్రెసెంట్ అని పేరు మార్చి, 1844 అక్టోబరున ప్రకటింప నారంభించిరి. ఎడ్వర్డు హార్లీ అను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించిరి. పాలకులు చదువు భాషలో, వారి జాతివాని చేతనే దేశీయుల మాట చెప్పించుట ఆయన ఉపాయము. పత్రిక వెలువడుచున్నదను ప్రకటనను వేయుటకు సైతము ప్రభుత్వ గెజెటు అంగీకరింపలేదనినచో అధికారులు దానిని ఎట్లు చూచిరో ఊహింపవచ్చును.

ఆ రోజులలో గవర్నరు ట్వీడ్‌డేలు ప్రభువు సర్కారు పాఠశాలలలో బైబిలును పాఠ్యముగా పెట్టవలెనని తలపెట్టెను. 1846లో లక్ష్మీనరసుగారు పట్టణమున పెద్ద సభ జరిపించి, లండనులోని కంపెనీ డైరెక్టర్లకు మహజరు పంపించిరి. డైరెక్టర్లు గవర్నరు ప్రతిపాదనకు సమ్మతింపలేదు. చెన్నపట్టణమున గవర్నరు వినకున్నను గవర్నరునకు పైవారు కలరని, వారికి వ్రాతపూర్వకముగా తెలిపినచో ఫలితము ఉండవచ్చునని ఆయనకు ఈ సందర్భమున అనుభవమునకు వచ్చెను. మతము మారినవారికి పిత్రార్జితమున హక్కు నిలిపిన 1850 నాటి చట్టమును కూడ ఆయన ఎదిరించిరి. ఈ విషయమున నేటి పాఠకులు అందరును ఆయనతో ఏకీభవింపరు. ఆయన తన కాలపు మనుష్యుడని మరువరాదు.

ఇక ఆయన జీవితమున ముఖ్యఘట్టము. కంపెనీకి ఇంగ్లండు పార్లమెంటు ఇరువది యేండ్ల కొకమారు పరిపాలనాధికారమును పొడిగించుచుండెను. 1833లో ఇచ్చిన గడువు 1853తో తీరును. గడువు తీరునప్పుడే కంపెనీ పరిపాలనపై లండనులో విచారణ జరుగును. మొర వినిపించుటకు అదియే సమయము. దీనిని గుర్తించి 1852 ఫిబ్రవరి 26వ తేదీన చెన్నపట్టణ దేశీయసంఘము స్థాపింపబడినది. మొదట అది కలకత్తాలోని బ్రిటిషు ఇండియా సంఘమునకు శాఖ. కొన్ని నెలలకే విడివడి స్వతంత్రసంఘమయ్యెను. లక్ష్మీనరసుగారే దానికి ప్రాణము. ఆ సంవత్సరాంతమున సంఘము పార్లమెంటునకు దీర్ఘమైన అర్జీ పంపినది. శిస్తుల భారము, క్రింది ఉద్యోగుల దౌర్జన్యము, న్యాయస్థానములలో జాప్యము, వ్యయము, రోడ్లు, వంతెనలు, నీటివనరుల విషయమున నిర్లక్ష్యము, విద్యకు చాలినంత ధనము లేకుండుట – ఇవి అందలి ముఖ్యవిషయములు.

పార్లమెంటు 1853లో క్రొత్త చట్టము చేసినది కాని, సంఘము కోరినవానిలో అధికభాగము నెరవేరలేదు. అంతటితో నిరాశపడి ఊరకుండుట లోకసహజము. లక్ష్మీనరసుగారు ఊరకుండలేదు. లండనులో అప్పుడే ఇండియా సంస్కరణసంఘ మొకటి పుట్టియుండెను. దాని అధ్యక్షుడు, పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు. ఆయన 1853లో స్వయముగా చెన్నరాజధానికి వచ్చినప్పుడు లక్ష్మీనరసుగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పిరి. కాగితముపై వ్రాసిన మాటలు లండనులో చదివినవారు నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. రైతు నోటనే విన్నవాడు, గాయములు కన్నులార చూచినవాడు నమ్మక తప్పదు.

సేమూరు ఏమి తెలిసికొనెను? శిస్తు బకాయిపడిన రైతులను మండుటెండలో గంటలకొలది నిలువబెట్టుచుండిరి. నడుము వంచి మెడకును కాలివ్రేళ్ళకును త్రాడు బిగించి, వీపుపై రాయి మోపుచుండిరి. కిట్టి అను కొయ్యసాధనమొకటి యుండెను. రెండు కర్రల నడుమ నిమ్మకాయను పిండునట్లు దానిలో చేతివ్రేళ్ళను పెట్టి నొక్కుచుండిరి. ఇవి హంతకులకు వేసిన శిక్షలు కావు. కొద్దిపాటి రూపాయల బకాయికై, దున్నుకొని బ్రతుకు కాపునకు జరిగిన హింసలు.

1854 జూలైలో కామన్సుసభలో ఈ విషయము చర్చకు వచ్చినది. చెన్నరాజధానిలో చిరకాలము ఉద్యోగములు చేసి వచ్చిన దొరలు పలువురు ఇట్టి హింసను తాము ఎన్నడును ఎరుగమనిరి. అయినను విచారణ తప్పలేదు. ఆ సెప్టెంబరులో చెన్నపట్టణమున ఇలియట్, స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టను అను ముగ్గురు సభ్యులతో విచారణసంఘము ఏర్పడినది. బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చునని దేశభాషలలో ప్రకటనలు వెలువడినవి. స్వల్పకాలములో 1,959 ఫిర్యాదులు అందినవి. వారిలో 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి. తక్కిన 1,440 ఉత్తరములు.

ఈ అంకెలను మన ఊరినుండి చూడవలెను. పలాసనుండి చెన్నపట్టణము ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. చెన్నరాజధానిలో తొలి రైలు నడచినది 1856లో, అదియు చెన్నపట్టణమునకు పడమటి దిక్కున. కావున 1854లో ఉద్దానపు రైతు ఎవడైన తన గోడు చెప్పుకొనవలెననినచో కాలినడకనో, బండిమీదనో, తీరము వెంబడి ఓడలోనో పోవలెను. పోయి వచ్చుటకు నెలలు పట్టును. ఆ లోపల పొలము ఎవరు చూతురు? తిరిగివచ్చిన పిమ్మట అదే తాసీల్దారు, అదే బంట్రోతు ఎదురగుదురు. ఉత్తరము వ్రాయుటకు అక్షరజ్ఞానము కావలెను. దూరమునకు, భయమునకు, నిరక్షరాస్యతకు లోబడి నోరు మెదపనివారు ఎందరో యుండిరి. వారు ఏ లెక్కలోను చేరరు.

1855 ఏప్రిలులో విచారణసంఘము నివేదిక సమర్పించినది. శిస్తు వసూలు కొరకును, నేరము ఒప్పించుట కొరకును హింస జరుగుచున్నమాట నిజమని అది అంగీకరించినది. నేరమును మాత్రము దేశీయులైన క్రింది ఉద్యోగులపై మోపి, ఆంగ్లేయ అధికారులను తప్పించినది. శిస్తు ఇంత రావలెనని పట్టుపట్టినవాడు ఒకడు, కొరడా పట్టినవాడు మరియొకడు. రెండవవానిని నిందించి మొదటివానిని విడిచిన తీర్పు సగము తీర్పు. కాని ఆ సగమైనను సర్కారు ముద్రతో వెలువడుటచే ఇక ఎవరును హింస లేదని బొంకుటకు వీలులేకపోయినది. 1857లో కార్ల్ మార్క్సు న్యూయార్కు పత్రికలో ఈ నివేదికను ఆధారము చేసికొని వ్యాసము వ్రాసిరి. చెన్నపట్టణపు వర్తకుడు కదిలించిన విషయము అట్లు అమెరికా వరకు పోయినది.

ఫలితములు నెమ్మదిగా వచ్చినవి. 1859 నాటి చట్టముచే చెన్నరాజధానిలో పోలీసుశాఖ తాసీల్దారుల చేతినుండి విడిపోయి ప్రత్యేకశాఖ అయ్యెను. 1860లో వెలువడి 2024 వరకు అమలులో నున్న భారత శిక్షాస్మృతిలో 330వ సెక్షను బలవంతముగా ఒప్పించుటకై గాయపరచుటను నేరముగా నిర్ణయించినది. శిస్తు బకాయికై మనుష్యుని హింసించు రెవెన్యూ ఉద్యోగిని అందు ఉదాహరణముగా చూపిరి. ఆ ఉదాహరణము వెనుక ఎందరు కాపుల మూలుగులున్నవో న్యాయశాస్త్రము చదువువారు తెలిసికొనవలెను.

లక్ష్మీనరసుగారు ఇంకను విడువలేదు. కంపెనీ పరిపాలననే తొలగింపుమని వేలమంది సంతకములతో మరల పార్లమెంటునకు అర్జీ పంపించిరి. 1858లో, సిపాయిల తిరుగుబాటు పిదప, కంపెనీ ఏలుబడి అంతరించి రాణి పరిపాలన వచ్చెను. ప్రభుత్వము ఆయనకు సి.ఎస్.ఐ. బిరుద మిచ్చినది, 1863లో చెన్నపట్టణ శాసనసభకు సభ్యునిగా నియమించినది. ఒకనాడు తన పత్రిక ప్రకటనను తిరస్కరించిన ప్రభుత్వమే పిలిచి పీట వేసినది. కాని అప్పటికే ఆయన ఆర్జించిన ధనము పత్రికకును, సంఘమునకును, అర్జీలకును కరగిపోయెను. 1868లో ఆ ధనవంతుడు పేదవాడై కన్నుమూసిరి.

పరాయి దొరను గూర్చి ఆ దొరకు దొరయైన మరియొక పరాయివానికి మొర పెట్టుకొనుట మేలైన పనియా అని ఇప్పుడు మనము ప్రశ్నింపవచ్చును. పర్లాకిమిడి ప్రాంతమున 1830 నాటికే జనులు ఆయుధములు పట్టి కంపెనీని ఎదిరించిరి. వారి మార్గము వేరు. వారి సాహసమును తక్కువచేయరాదు. అర్జీకిని ఒక హద్దు కలదు. అది జమీందారీలలోని రైతును ఆదుకొనలేదు. మన మందసలో 1940 ఏప్రిలు 1వ తేదీన, అడవికట్టెలపై హక్కు కొరకు జరిగిన పోరాటమున వీరగున్నమ్మయు, మరి కొందరును పోలీసు తుపాకులకు బలియైరి. జమీందారీలు రద్దు చేయు చట్టము 1948లోగాని రాలేదు.

అయినను లక్ష్మీనరసుగారి దారి వ్యర్థము కాలేదు. 1884లో చెన్నపట్టణమున మహాజనసభయు, మరుసటి యేట కాంగ్రెసును పుట్టినవి. 1917లో అనీబిసెంటమ్మను నిర్బంధించినప్పుడు అదే చెన్నపట్టణమునుండి సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యరుగారు అమెరికా అధ్యక్షుడు విల్సనునకు లేఖ వ్రాసిరి. దానికై పార్లమెంటులో నిందింపబడగా తన బిరుదములను త్యజించిరి. 1952లో మన పాతపట్నం నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికైన వి.వి. గిరిగారు అంతకు ముందు 1927లో జెనీవా కార్మికమహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళియుండిరి. దేశమున అణచబడిన మాటను లోకము ముందు పలికించు సంప్రదాయము ఇట్లు సాగినది.

ఈ జీవితమునుండి మనము గ్రహింపదగిన దొకటి కలదు. దూరపు ప్రభుత్వము మనపై దయతలచి వినలేదు. సాక్ష్యము బలవంతపెట్టగా వినినది. లక్ష్మీనరసుగారు ఊరక మొర పెట్టలేదు. విషయములు సేకరించిరి, పత్రికలో ప్రకటించిరి, సంతకములు కూర్చిరి, వినదగినవానిని రైతు వాకిటికి తీసికొనివచ్చి చూపిరి. ఆ 1,440 ఉత్తరములను తలచుకొనుడు. వ్రాయనేర్చిన రైతు స్వయముగా వ్రాసికొనును. నేర్వనివాడు మరియొకని బ్రతిమాలుకొనవలెను. బ్రతిమాలుకొనుటకు ధైర్యము లేనివాని కథ వానితోనే పోవును. మన ఊరిలో ఎవని కథయు అట్లు పోకుండవలెనని కోరువారు ఈ గ్రంథాలయమునకు తమ బిడ్డలను నేడే తోడ్కొని రావలెను.