గురువుతో విభేదించిన శిష్యుడు ఇమామ్ షాఫయీ (రహ్మ)

మన మస్జిదుల్లో ఎవరైనా రుకూకు వెళ్లేటప్పుడు చేతులెత్తితే పక్కనున్నవారు ఓరకంట చూడటం కద్దు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన అరబ్బు కుటుంబాలకు మాత్రం అది తాతముత్తాతల నాటి పద్ధతి. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన వారి పూర్వీకులు షాఫయీ మస్లక్‌ను వెంట తెచ్చుకున్నారు. ఆ మస్లక్ ఏ మహనీయుని పేర వెలసిందో, ఆయన జీవితమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. పెద్దల నుంచి వచ్చిన ఆచారం గొప్పదా? నమ్మకస్తుడు చేరవేసిన ప్రవక్త (స) మాట గొప్పదా?

ముహమ్మద్ బిన్ ఇద్రీస్ షాఫయీ హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో పాలస్తీనాలోని గాజాలో జన్మించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కన్నుమూసిన సంవత్సరమే అది. ఖురైష్ వంశీయులే అయినా ఇంట్లో పేదరికం. పసితనంలోనే తండ్రి పోతే, తల్లి బిడ్డను తీసుకుని మక్కా చేరింది. కాగితాలు కొనే స్తోమత లేక ఎముకల మీద పాఠాలు రాసుకునేవారట. బాల్యంలోనే ఖుర్‌ఆన్‌ను, ఇమామ్ మాలిక్ (రహ్మ) సంకలనం చేసిన ‘ముఅత్తా’ను కంఠస్థం చేశారు. ఆ తర్వాత మదీనా వెళ్లి మాలిక్ గారి శిష్యులై, హిజ్రీ 179 (క్రీ.శ. 795)లో గురువు మరణించేవరకు ఆయన్ను ఆశ్రయించి ఉన్నారు.

మాలిక్ గారిది స్థిరమైన అభిప్రాయం. దైవప్రవక్త (స) చివరి పదేళ్లు గడిపింది మదీనాలో. వేలాది సహాబాలు నివసించిందీ అక్కడే. ఆ ఊరివారు తాతల నుంచి మనవల దాకా చేస్తూ వచ్చిన పని అంటే వేలమంది వేలమందికి అప్పగించిన సాక్ష్యం. దాని ముందు ఒక్కరు చెప్పిన హదీసు తేలిపోతుందని ఆయన భావించారు. అలాగని ఇతరుల మీద రుద్దలేదు. ముఅత్తాను రాజ్యమంతటికీ చట్టం చేస్తానని అబ్బాసీ ఖలీఫా అడిగితే, సహాబాలు తమ జ్ఞానంతో పలుచోట్లకు వెళ్లారంటూ వద్దన్నారు.

ఒక ఉదాహరణ చూడండి. కొన్నవాడూ అమ్మినవాడూ విడిపోనంతవరకు బేరం రద్దు చేసుకునే హక్కు ఇద్దరికీ ఉంటుందని ఒక హదీసు. ఇబ్నె ఉమర్ (రజి) నుంచి నాఫె, నాఫె నుంచి మాలిక్ విన్నారు. అంతకు మించిన గట్టి పరంపర లేదంటారు. మాలిక్ దాన్ని ముఅత్తాలో చేర్చారు. కానీ తమ ఊళ్లో అలాంటి ఆచారం లేదని దాన్ని అమలు చేయలేదు. షాఫయీ సరిగ్గా అక్కడే ఆగిపోయారు. గురువే చేరవేసిన హదీసు చేతిలో ఉండగా వదిలేయడం ఆయనకు సాధ్యం కాలేదు. (మన హనఫీ ఫిఖ్‌హ్ కూడా ఈ విషయంలో బేరం మాటతోనే ముగుస్తుందంటుంది.)

ఈ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదు. యెమెన్‌లో ఉద్యోగం చేస్తుండగా రాజద్రోహం అభియోగం మీద ఆయన్ను ఖలీఫా హారూన్ రషీద్ ముందుకు పట్టుకెళ్లారు. ప్రాణం దక్కింది. అబూ హనీఫా శిష్యుడైన ఇమామ్ ముహమ్మద్ షైబానీ దగ్గర ఇరాక్ ఫిఖ్‌హ్ నేర్చుకునే భాగ్యమూ దక్కింది. కూఫా వారూ తమ పెద్దల ఆచారమనే అంటున్నారు, మదీనా వారూ అదే అంటున్నారు. అందరూ సంప్రదాయవాదులే. మరి తూకపురాయి ఏది? రుజువైన హదీసే అన్నది షాఫయీ తేల్చుకున్న జవాబు. తన ‘రిసాలా’లో ఆయన చూపిన ఒక దృష్టాంతం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) వేళ్ల నష్టపరిహారాన్ని వేలువేలుకూ వేరుగా నిర్ణయించారు. తర్వాత ప్రతి వేలికీ పది ఒంటెలని ప్రవక్త (స) రాయించిన లేఖ బయటపడగానే ముస్లిములు దాన్నే పాటించారు. ఉమర్ అంతటివారి తీర్పే పక్కకు జరిగిందంటే, ఊరి ఆచారం ఏపాటిది?

హిజ్రీ 199 ప్రాంతంలో ఆయన ఈజిప్టు వెళ్లారు. అది మాలిక్ శిష్యుల కోట. దూరాన అందలూసియాలో మాలిక్ గారి టోపీని చూపి వానకోసం దుఆ చేస్తున్నారని, హదీసు చెబితే మాలిక్ మాటతో ఎదురు చెబుతున్నారని ఆయన విన్నారట. అయినా గురువుకు వ్యతిరేకంగా కలం పట్టడానికి ఏడాదిపాటు ఇస్తిఖారా చేశారని చరిత్రకారులు రాశారు. చివరికి రాశారు. రాస్తూనే గురువు పేరు మీదే హదీసులు ఉల్లేఖించారు. ఇరాక్‌లో తాను చెప్పిన అభిప్రాయాలను కూడా ఈజిప్టులో అనేకం మార్చుకున్నారు.

అక్కడ ఆయన్ను ఆదరించిన అబ్దుల్లాహ్ బిన్ అబ్దుల్ హకమ్ స్వయంగా మాలికీ పెద్ద. హిజ్రీ 204 (క్రీ.శ. 820) రజబ్ చివర షాఫయీ కన్నుమూస్తే, ఆ కుటుంబం వారి ఖబరస్తాన్‌లోనే ఖననం చేశారు. ఆ ఇంటి కుమారుడు ముహమ్మద్ షాఫయీకి ఇష్ట శిష్యుడు. తర్వాత అతను తిరిగి మాలికీ మస్లక్‌కు వెళ్లిపోయి, షాఫయీ అభిప్రాయాలను ఖండిస్తూ ఒక గ్రంథం రాశాడు.