అశోక చక్రవర్తి - కళింగ భారం

రాయ్‌పూర్‌కు తూర్పున, మహానది తీరాన ఉన్న సిర్పూర్ విహార శిథిలాలను దర్శించినప్పుడు మనకు స్ఫురించే మహారాజు అశోకుడు. క్రీ.శ. 7వ శతాబ్దంలో దక్షిణ కోసలాన్ని దర్శించిన హ్యూయాన్‌త్సాంగ్, ఈ దేశంలో అశోకుడు కట్టించిన స్తూపమొకటి ఉన్నదని వ్రాశాడు. ఆ ధర్మరాజును కీర్తించడంతోపాటు ఆయన మోసిన భారాన్ని గ్రహించడమూ మన విధి అని మేము భావిస్తున్నాము.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషిక్తుడై, ఎనిమిదేండ్లు గడిచిన పిమ్మట కళింగాన్ని జయించాడు. ఆ యుద్ధ ఫలితాన్ని ఆయనే 13వ శిలాశాసనంలో లెక్కించి చెప్పాడు. లక్షన్నర మందిని ఆ దేశం నుండి తరలించుకుపోయారు. లక్షమంది హతులయ్యారు. అంతకు ఎన్నోరెట్లు మంది ఇతర విధాల మరణించారు.

ఈ చివరి మాట వద్ద మనం ఆగవలసి ఉన్నది. ఆయుధం పట్టి మరణించినవారితో రాజు తన లెక్కను ముగించలేదు. తల్లిదండ్రులను, గురువులను సేవించుకుంటూ ఇంటి పట్టున బ్రతికిన గృహస్థులను, బ్రాహ్మణులను, శ్రమణులను తలచుకున్నాడు. తాము క్షేమంగా ఉన్నా ఆప్తులను కోల్పోయినవారి దుఃఖాన్నీ హింసగానే పరిగణించాడు. నేరాన్ని సేనానులపైకి గాని, ఎదిరించిన కళింగులపైకి గాని నెట్టలేదు. ఆనాటి మృతులలో నూరవ వంతో, వేయవ వంతో నేడు నశించినా తనకు దుర్భరమేనని ప్రకటించాడు.

ఈ శాసనం మన తెలుగుదేశంలో, కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలపై నేటికీ ఉన్నది. కాని కళింగంలోని ధౌలి, జౌగడ శిలలపై దీనిని చెక్కించలేదు. గాయపడిన ప్రజలకు ఆ పశ్చాత్తాపం వినిపించలేదు. అక్కడ దానికి బదులు ప్రత్యేక శాసనాలు వెలిశాయి. ప్రజలందరూ తన బిడ్డలేనని, ఎవరినీ అకారణంగా బంధించరాదని, హింసించరాదని అధికారులను వాటిలో హెచ్చరించాడు. తనిఖీకై ఐదేండ్లకొకమారు ఒక మహామాత్రుని పంపుతానన్నాడు. గెలిచిన రాజ్యాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. పశ్చాత్తాపం పలికిన ఆ శాసనంలోనే, అడవి ప్రజలు దారికి రాకుంటే దండించగల శక్తి తనకున్నదని కూడా గుర్తుచేశాడు.

అడవుల నడుమ జీవించే మనకు ఆ మాట నేటికీ గుచ్చుకుంటుంది. 2005 తరువాత దక్షిణ బస్తర్ హింసకు తాళలేక ఎందరో ఆదివాసులు గూడేలను విడిచి ఖమ్మం అడవులకు వలసపోయారు. ఆయుధమెరుగని ఆ జనం లెక్కను తమదిగా స్వీకరించడానికి ముందుకు వచ్చే పాలకులు గాని, సాయుధులు గాని అరుదు.

క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు మరణించాడు. ఆయన పశ్చాత్తాపం అసంపూర్ణమని మేము అంగీకరిస్తున్నాము. అయినను గెలిచిన రాజు తన గెలుపులోని మృతులను లెక్కించి, ఆ లెక్కను తన పేరిట రాతిపై నిలపడం అపూర్వం. కర్మకు కర్తయే బాధ్యుడన్న తథాగతుని బోధను సింహాసనం మీద కూర్చున్నవాడు తనకు అన్వయించుకున్నాడు. ఆయన ఆరంభించి అసంపూర్ణంగా విడిచిన ఆ కార్యాన్ని, అనగా గాయపడినవారి ఎదుట నిలిచి తప్పును ఒప్పుకొనడాన్ని, నేర్చుకొనడమే ఆయనకు మనం అర్పించగల నివాళి.